ఎడమచేతి పని

హార్మోనియం వాయించేవాడికి ఎడమచేయి ఎందుకని అడిగితే తిత్తి ఊదడానికని చిన్నపిల్లలైనా చెబుతారు. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను. కుడిచేయి సంగీతం వాయిస్తుంది, ఎడమచేయి కూలిపని చేస్తుంది అని. ఆ అభిప్రాయం తప్పని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. దానికి కారకులైన తండ్రీకొడుకుల సంగతి ఎప్పటినుంచో వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

నేను తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో తెనాలి ప్రాంతపు పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళలో పద్యనాటకాలకు ఇంకా గిరాకీ ఉండేది. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయాలు' లేని పందిరి పందిరే కాదు. ఈలపాట రఘురామయ్యగారి బాణీ ఒకరిది, షణ్ముఖి ఆంజనేయరాజుగారి బాణీ ఒకరిది. నాకు సొంత బాణీ అంటూ లేకపోయినా గొంతు ఉండేది, ఛందస్సు తెలుసు. కనుక నన్నూ వేదిక ఎక్కించేవారు. మాకు హార్మోనియం వాయించిన పెద్దాయనను ఊరంతా హార్మోనిస్టుగారనేవారు. నేను మాస్టారూ అని పిలిచేవాణ్ణి. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్దయినా నన్ను పంతులుగారూ అనే పిలిచారు, చివరిదాకా.

పద్యానికి తాళం లేదు. ఈ ఒక్కమాట తెలియకపోతే తక్కినదంతా అర్థం కాదు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. లెక్క ఖచ్చితమే. కానీ వేదికమీద ఆ లెక్కను కాలంతో ముడిపెట్టరు. యతి దగ్గర ఒక నటుడు ఆగుతాడు, మరొకడు దాటిపోతాడు, పాదాంతంలో రాగం ఎంతసేపు సాగేదీ పాడేవాడికే ముందుగా తెలియదు. హార్మోనిస్టు ఆ ఊపిరిని కనిపెట్టి వెంట నడవాలి. మాస్టారు నా ముఖం చూసేవారు కారు. నా భుజాలు చూసేవారు. నేను ఊపిరి తీసుకుంటే ఆయన తిత్తి తెరుచుకునేది. నా గొంతు సన్నబడితే ఆయన ఎడమచేయి నెమ్మదించేది, స్వరం వత్తిలాగా తగ్గేది. (రాత్రి రెండు దాటాక నా గొంతు బొంగురుపోతే ఆ చేయి కొంచెం గట్టిగా ఆడి, నా లోపాన్ని కప్పేసేది కూడా.)

ఈ పెట్టె మనది కాదన్న సంగతి అందరికీ తెలిసిందే. 1840ల్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ కాళ్ళతో తొక్కే వాద్యంగా దీనిని రూపొందించాడు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలమీద కూర్చుని ఒక చేత్తో ఊదుతూ మరో చేత్తో వాయించేటట్లు మార్చాడు. ఆ మార్పుతోనే మన ఎడమచేతికి ఉద్యోగం దొరికింది. అయినా పెద్దలు దీనిని దగ్గరకు రానివ్వలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరం పలకదు, గమకం రాదు అన్నారు. ఆకాశవాణి 1940లో దీనిని వెలివేస్తే, ఆ వెలి సడలడం 1971లో మొదలయింది. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. తోడిలో గాంధారం ఊగాలి, నిలబడితే అది తోడి కాదు. మాస్టారు పక్క మెట్టును తాకీ తాకనట్లు తాకి ఊగినట్లు భ్రమ కల్పించేవారు. "మోసమే పంతులుగారూ, కాకపోతే మర్యాదగల మోసం" అని నవ్వేవారు.

ఆయనకున్న మరో విద్య శ్రుతి మార్చడం. కృష్ణుడికి ఐదు శ్రుతి, అర్జునుడికి నాలుగు, మరొకరికి ఒకటిన్నర. శంకరాభరణాన్ని ఒకటో శ్రుతిలో వాయిస్తే అన్నీ తెల్ల మెట్లే. ఒకటిన్నరకు జరిపితే ఐదు నల్ల మెట్లూ మీదపడతాయి, వేళ్ళ నడక మొత్తం మారిపోతుంది. ఏ శ్రుతికైనా ఆయన వేళ్ళు తడుముకోవడం నేను చూడలేదు.

ఆయన కొడుకు బడిలో నా దగ్గరే చదువుకున్నాడు. గల్ఫునుంచి వచ్చిన బంధువు ఎవరో ఒక కేసియో కీబోర్డు ఇస్తే దానితో మొదలుపెట్టాడు. తరువాత అప్పుచేసి పెద్దది కొన్నాడు. అందులో తబలా ఉంది, వేణువు ఉంది, వయొలిన్ల గుంపు ఉంది. ట్రాన్స్‌పోజ్ అనే మీట నొక్కితే ఏ శ్రుతి కావాలన్నా వేళ్ళు మాత్రం ఒకటో శ్రుతిలోనే నడుస్తాయి. తండ్రి ఇరవై ఏళ్ళు సాధించిన విద్య ఆ మీటలో ఉంది. తిత్తి లేదు కనుక ఎడమచేతికి వేరే పని పెట్టారు. అది మూడు మెట్లు పట్టుకుంటే చాలు, యంత్రం దానికి తగిన తాళమూ వాద్యగోష్ఠీ తానే వాయించుకుంటుంది. పెళ్ళిళ్ళలో ఆ అబ్బాయి ఒక్కడే కూర్చుని రెండు గంటలు సినిమా పాటలు వాయించేవాడు. నలుగురికి ఇచ్చే డబ్బు ఒక్కడికి, అదీ సగం, ఇస్తే సరిపోయేది. పిలిచినవాళ్ళకు సంతోషం. తబలా వాయించే ఆయన కిళ్ళీకొట్టు పెట్టుకున్నాడు.

2004 శ్రీరామనవమికి మాస్టారి చేతులు వణుకుతుండడంవల్ల ఆ అబ్బాయే వచ్చాడు. నేను ఉత్పలమాల ఎత్తుకున్నాను. మొదటి పాదం సగంలో వెనుకనుంచి తబలా వినబడింది. అలవాటుకొద్దీ వాడి చేయి తాళం మీటమీద పడింది. పాపం, పద్యంకదా సరిపోతుందిలే అనుకున్నాడేమో! యతి దగ్గర నేను ఆగాను, తబలా ఆగలేదు. నేను రాగం సాగదీశాను, అది ఆవర్తం పూర్తిచేసి మళ్ళీ మొదటికి వచ్చింది. తెలియకుండానే నేనే దానికి లొంగిపోయి అక్షరాలను తాళానికి కుదిస్తూ, నలభై ఏళ్ళుగా నోటికి వచ్చిన పద్యాన్ని ఎక్కాలు అప్పజెప్పినట్లు అప్పజెప్పాను. ఆపబోయి కంగారులో వాడు మరో మీట నొక్కాడు. డ్రమ్ములన్నీ కలిసి ఘనంగా ముగింపు దరువు వేశాయి, నాకింకా రెండు పాదాలు మిగిలి ఉండగానే. పందిరంతా నవ్వింది. ముందువరుసలో కూర్చున్న మాస్టారు లేచి వెళ్ళిపోయారు.

వేదిక దిగి నేను వాడితో అన్నమాట ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుగా ఉంది. "దానికి చెవులు లేవు సరే, నీకూ లేవుట్రా?" అన్నాను, పదిమందిలో. వాడు తలవంచుకుని వైర్లు చుట్టుకున్నాడు. తండ్రి మందులకూ చెల్లెలి చదువుకూ డబ్బు ఆ పెట్టెనుంచే వస్తోందని నాకు తెలియకపోలేదు. తెలిసే అన్నాను. ఆ తరువాత నేను పందిళ్ళలో పాడడం మానుకున్నాను. మానుకోవడానికి వాడిని సాకు చేసుకున్నాను.

మళ్ళీ ఆ ఇంటికి నేను వెళ్ళింది 2016లో, మాస్టారికి జబ్బుగా ఉందని తెలిసి. పక్కగదిలోనుంచి తోడి ఆలాపన వినవస్తోంది. గాంధారం ఊగుతోంది! ఎవరో వయొలిన్ అనుకున్నాను. తొంగిచూస్తే వాడే. తాళం లేదు, వాద్యగోష్ఠి లేదు, కింద తంబురా శ్రుతి మాత్రం. కుడిచేయి మెట్లమీద, ఎడమచేయి పక్కనున్న చిన్న చక్రంమీద. పిచ్ బెండ్ అంటారట. 1970లో వచ్చిన మినీమూగ్ అనే వాద్యంతో ఆ చక్రానికి ప్రచారం వచ్చింది. ముందుకు తిప్పితే స్వరం పైకి జారుతుంది, వెనక్కి తిప్పితే కిందికి, వదిలితే తన స్థానానికి వస్తుంది. ఎంతదూరం జారాలో ముందుగా అమర్చుకోవచ్చు. చెన్నైలో కీబోర్డ్ సత్య అనే విద్వాంసుడు పూర్తి కర్ణాటక కచేరీలు కీబోర్డుమీద చేస్తాడనీ, అవి విని విని రెండేళ్ళు రాత్రిళ్ళు సాధన చేశాననీ చెప్పాడు. మన సంగీతంలో ఎడమచేతికి పట్టుకోవడానికి ఆ మూడు మెట్ల పొత్తు ఎలాగూ లేదు కదా మాస్టారూ, అందుకని చేయి ఖాళీగా ఉంది, అన్నాడు.

ఇప్పుడు ఇంతకంటే ముందుకు పోయారు. హాకెన్ కంటిన్యుయం అనే వాద్యానికి మెట్లే ఉండవు, మెత్తని పలకమీద వేలు ఎటు జరిపితే స్వరం అటు జరుగుతుంది. 'ఢిల్లీ-6' (2009) చిత్రంలోని 'రెహనా తూ' పాటలో రహమాన్ దానిని వాయించాడు. మెట్లకు బదులు మెత్తని అలల్లాంటి పలకగల రోలీ సీబోర్డు 2013లో వచ్చింది. వాటిలో ఏ వేలి గమకం ఆ వేలిదే, చక్రం అక్కరలేదు. ఎడమచేతికి మళ్ళీ పని పోయిందన్నమాట! నాకవి వేదికమీద విన్న అనుభవం లేదు, అందుచేత అభిప్రాయం చెప్పను. నేను విన్నది ఆ గదిలో విన్నదే.

మంచంమీద మాస్టారు కళ్ళుమూసుకుని ఉన్నారు. ఎడమచేయి దుప్పటిమీద మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడుతోంది, తిత్తి ఊదుతున్నట్లు. కొడుకు చక్రం తిప్పే జోరుకు సరిగ్గా సరిపోయింది ఆ ఊపు. "వాడి ఎడమచేతికి పని దొరికింది పంతులుగారూ" అన్నారు కళ్ళు తెరవకుండానే. మరుసటి ఏడాది వెళ్ళిపోయారు. వాడికి క్షమాపణ చెప్పాలని ఆరోజు నోటిదాకా వచ్చింది. గురుస్థానం అడ్డువచ్చింది. ఏ ఛందస్సులో చెప్పాలో తోచలేదు అని సరసమాడి తప్పించుకున్నాను.

మొన్నటి నవమికి వాడే వచ్చి బలవంతంగా నన్ను వేదిక ఎక్కించాడు. గొంతు దిగిపోయింది, ఒకప్పటి ఐదు ఇప్పుడు రెండున్నర. "ఏ శ్రుతి మాస్టారూ?" అన్నాడు. చెప్పాను. యతి దగ్గర ఆగాను, వాడూ ఆగాడు. పాదాంతంలో ఊపిరి చాలక నా స్వరం జారబోతే అతని స్వరమూ దానితోపాటే కొంచెం జారి, పడకుండా పట్టుకుంది. వాడు నా భుజాలను చూస్తున్నాడో లేదో, శ్రుతి మీటతో మార్చాడో, తండ్రిలాగా వేళ్ళతోనే మార్చాడో వెనుదిరిగి చూశాను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను, ఏమీ కనబడలేదు.