భాగహారము

బైరెడ్డిపల్లె ప్రాంతమున నేను బోధించుచున్న కాలమున, భాగహారమనిన పిల్లలు జంకుచుండిరి. ఒకనాడు పలకలు ప్రక్కన పెట్టించి, 47 చింతగింజలిచ్చి, ఆరుగురు పిల్లలను సమముగా పంచుకొనుడంటిని. తలకు ఏడేసి వచ్చి, అయిదు మిగిలెను. బలశాలి యొకడు వానిని గుప్పిట బట్టెను. కూలివాని కూతురొకతె లేచి, "ఇంకొక్కటున్న అందరికిని మరియొకటి వచ్చును గదా, అయ్యవారూ! మిగిలినవి వాని వెట్లగును?" అనెను. శేషము భాజకముకంటె తక్కువగా నుండవలెనను నియమమును ఆ బాలికయే తరగతికి బోధించెను.

పిమ్మట అవే గింజలను ఆరేసి చొప్పున కుప్పలు పెట్టించితిని. ఏడు కుప్పలయ్యెను; అయిదు మిగిలెను. పంచినను, కుప్పలు పెట్టినను లెక్క యొకటియే.

గణితము మన భాషకు క్రొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పూర్వమే పావులూరి మల్లన తెనిగించెను.

బాలలారా! భాగహార మెరిగినవానిని పంపకమున నెవరును మోసగింపలేరు. దాని మర్మమెరిగినవాడు పరుల వంతు నాశింపడు.