అర్థం చెప్పే హక్కు

మా మాదిగపల్లె బాప్టిస్టు. డొంకకవతల మాలపల్లె లూథరన్. మేం మునిగినోళ్ళం, వాళ్ళు చిలకరించుకున్నోళ్ళు. ఇది వాక్యంలో ఉన్న తేడా అని గుళ్ళో చెప్పేవాళ్ళు.

చరిత్ర వేరే చెప్పింది. 1842లో గుంటూరొచ్చిన హయ్యర్ దొర లూథరన్. ఒంగోలు క్లౌ దొర బాప్టిస్టు. ఆయన దగ్గరికి తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. ఆయన వెనక చుట్టాలు, చుట్టాల వెనక పల్లెలు కదిలాయి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పసిబిడ్డకి బాప్తిస్మం చెల్లుద్దా లేదా అని వాళ్ళు పుస్తకాలు తిరగేసి తేల్చుకోలేదు. ఏ మిషను ముందొస్తే అదే శాఖ. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. ఆ హద్దుమీద కులం గోడ లేపింది.

"ఎవరికి వాళ్ళు బైబిలుకి అర్థం చెప్పబట్టే ఇన్ని ముక్కలు" అని పెద్దలంటారు. ఐరోపాలో కొంత నిజమే. 1529లో మార్బర్గులో లూథర్, జ్వింగ్లీ కూర్చుని ప్రభురాత్రి భోజనం దగ్గర తెగ్గొట్టుకున్నారు. రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందని లూథర్, అది గుర్తేనని జ్వింగ్లీ. మా రెండు పల్లెలు మాత్రం ఏ అర్థం మీదా కొట్లాడుకుని విడిపోలేదు.

మా నాయన మిషను బడిలో అక్షరాలు దిద్దాడు. నిర్గమకాండం చదివి, "ఐగుప్తులో ఇటుకలు చేసింది మనమేరా" అనేవాడు. సొంత అర్థాలు తీయొద్దని అయ్యగారు కసురుకునేవాడు.

మా అక్క మాలపల్లె అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు రెండువైపుల అయ్యగార్లూ వచనాలు తీశారు. చిలకరింపు చెల్లదు, అబ్బాయి మునగాల్సిందేనని ఒకాయన. మళ్ళీ మునిగితే మొదటి బాప్తిస్మం అబద్ధమవుద్దని ఇంకొకాయన. కులం మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తే పని లేకుండానే జరిగిపోతోంది. నాయన అపొస్తలుల కార్యములు తీసి, పేతురు కొర్నేలి గడప తొక్కిన అధ్యాయం చదివాడు.

"అర్థం చెప్పటానికి నువ్వెవడివి?"

"చదవటం నేర్పింది మీరే గదయ్యా."

పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో అయింది.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం మునిగావా, చిలకరించుకున్నావా అని అడగలేదు. క్రైస్తవ దళితులందర్నీ ఎస్సీ జాబితా బయటికి నెట్టింది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్ని చేర్చలేదు.

తరతరాలుగా చదువుకి దూరంగా ఉంచిన జనానికి సొంతంగా చదివి అర్థం చెప్పటం చిన్న హక్కు కాదు. ఐక్యత పేరుతో దాన్ని అయ్యగార్ల చేతికి తిరిగివ్వకండి. రెండు పల్లెల పిల్లలూ ఒకే చాపమీద కూర్చుని ఒక అధ్యాయం చదవండి. అర్థంలో తేడా వస్తే రానివ్వండి. ఆ తేడా వచనానిదా, కులానిదా అని మాత్రం అక్కడే అడగండి.