రోడ్డు మీది వేపచెట్టు

మా మందిరము ముందున్న వేపచెట్టు మా ఆవరణలోనిది కాదు. ప్రహరీకి అవతల, పంచాయతీ రోడ్డు అంచున ఉంది. ఎవరు నాటారో ఇప్పుడున్న పెద్దలలో ఎవరికీ తెలియదు. ఆదివారము ఆరాధన కాగానే ముసలివాళ్లు దాని కింద కాసేపు కూర్చుని గానీ ఇళ్లకు కదలరు. మిగిలిన ఆరు రోజులూ ఆటో కోసం నిలబడే కూలివాళ్లు, బడిపిల్లలు, అన్ని మతాల వాళ్లూ ఆ నీడనే ఉంటారు.

కిందటి క్రిస్మసుకు ముందు సంఘములో ఒక సహోదరుడు ముఖద్వారానికి ఆర్చి కట్టించడానికి కానుక ఇచ్చాడు. విదేశములో ఉన్న కుమారుడు పంపిన డబ్బు. మంచి మనసుతోనే ఇచ్చాడు. అయితే ఆర్చి మీద రాయించే వాక్యము, దాని కింద తన తల్లిదండ్రుల పేర్లు దారిన పోయేవారికి కనబడాలంటే వేపచెట్టు అడ్డము. పండుగలోగా కొట్టేద్దామన్నాడు. యౌవనస్థులు కొందరు గొడ్డళ్లు కూడా సిద్ధము చేసుకున్నారు.

పెద్దల కూటములో అయ్యగారు ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము తీశారు. పట్టణాన్ని ముట్టడించే సైన్యము సైతము పండ్ల చెట్లను నరకకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పిన చోటు అది. వెంటనే ఒక యౌవనస్థుడు లేచి, “తరువాతి వచనము కూడా చదవండయ్యగారూ. తినడానికి పనికిరాని చెట్టును కొట్టవచ్చునని ఉంది. వేపపండు ఎవరు తింటారు?” అన్నాడు. వెనక కూర్చున్న ఒక అవ్వ, “చిన్నప్పుడు నువ్వే తిన్నావురా” అంది. అందరూ నవ్వారు గానీ, ఆ అబ్బాయి అడిగినదానిలో న్యాయముంది. వాక్యాన్ని మనకు కావలసినంత మేరకే చదివి మూసేయడము నాకెప్పుడూ నచ్చదు.

అందుకే నేను చట్టము సంగతి ఎత్తాను. 2002లో ఉమ్మడి రాష్ట్రములో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చింది. వాల్టా అంటారు. బోర్ల విషయములో దాని పేరు రైతులందరికీ తెలుసు. అందులో చెట్లు కూడా ఉన్నాయని చాలామంది పట్టించుకోరు. చెట్టు కొట్టాలంటే ముందుగా అధికారి అనుమతి కావాలి. అనుమతి దొరికినా, బదులుగా వారు చెప్పిన మొక్కలు నాటాలి. సొంత చెట్టుకే ఇంత ఉంటే రోడ్డు చెట్టు మాట చెప్పాలా? 2014లో రాష్ట్రము రెండైనా ఈ చట్టము రెండు చోట్లా నిలిచింది.

“కొట్టేశాక జరిమానా కట్టేద్దాములే” అన్నారొకరు. తాజ్‌మహలు పరిరక్షణ ప్రాంతములో, మథుర దగ్గర, అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టినందుకు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున కట్టాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయము చేసిన సంగతి చెప్పాను. అది వేరే రాష్ట్రము, వేరే ఉత్తరువు. అయినా ఆ తరువాత జరిమానా మాట ఎవరూ ఎత్తలేదు.

అర్జీ పెట్టాము. అటవీశాఖ వారు వచ్చి చూశారు. ఎండినదో, మీద పడేదో అయితే సరే, ఇది నిండు పచ్చగా ఉంది అన్నారు. మందిరపు కప్పు మీదికి వాలిన ఎండుకొమ్మను మాత్రము తీయించుకోమన్నారు. ఇక ద్వారాన్నే పన్నెండు అడుగులు ఉత్తరానికి జరిపాము. ఖర్చు పెరిగింది. ఆ సహోదరుడు మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. అయ్యగారు, నేను వాళ్లింటికి వెళ్లాము. చెట్టు మాట ఎత్తలేదు, ఆయన తల్లిగారి మాట ఎత్తాము. ఆమె ఓపిక ఉన్నన్నాళ్లూ సండేస్కూలు పిల్లలను ఆ వేప కిందనే కూర్చోబెట్టి పాటలు నేర్పేది. ఆయన ఏమీ అనలేదు. నాలుగో ఆదివారము వచ్చాడు. పెరిగిన ఖర్చు ఎంతని తానే అడిగాడు.

అది చూసి స్త్రీల సమాజము వారికి ఉత్సాహము వచ్చింది. ప్రహరీ వెంట రోడ్డువైపు గన్నేరు, మందార, బంతి నాటారు. గన్నేరు తప్ప మిగిలినవన్నీ వారము తిరగకుండా మేకలు తినేశాయి. రోడ్లను, తోటలను పాడుచేసే పశువులను బందెలదొడ్డికి తోలడానికి బ్రిటిషువారు 1871లోనే ఒక చట్టము చేశారు. అందులో పశువులంటే ఏనుగులు, ఒంటెలు మొదలు మేకపిల్లల వరకు ఉన్నాయి. కాని మా ఊరి బందెలదొడ్డి గోడ కూలి చాలా కాలమైంది. పైగా ఆ మేకలు సంఘ పెద్దలలో ఇద్దరివి. ఈసారి నాటేముందు చుట్టూ ముళ్లకంప కట్టాలని అమ్మగారు అంటున్నారు.