సూర్యాస్తమయమూ, సుగ్గీ

సూర్యాస్తమయాలను ఫోటోలు తీసుకుంటూ తిరిగేవాణ్ణి అభ్యుదయవాది అనవచ్చునా అని ఒక మిత్రుడు నన్ను ఎగతాళి చేశాడు. అతని వాదం కొత్తదేమీ కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచీ మనం వెన్నెలనూ మబ్బులనూ అనుమానంగానే చూస్తున్నాం. భావకవి ఆకాశంకేసి చూస్తూ పక్కనున్న మనిషిని చూడలేదని మన ఫిర్యాదు. ఆ భావకవి ఇప్పుడు కలం మాని కెమెరా పట్టాడనీ, అతను నేనేననీ మిత్రుడి తాత్పర్యం.

నేను ఒప్పుకోలేదు. పొద్దుగుంకటం ఏ వర్గం సొత్తూ కాదన్నాను. వాదంలో గెలిచాననే అనుకున్నాను. తరవాత నా ఫోటోలన్నీ నేలమీద పరుచుకుని చూస్తే ఆ గెలుపు అంత గట్టిదిగా కనిపించలేదు.

నేను ఫోటోలు తీసేది కర్నూలు జిల్లా పడమటి కొసన, నందవరం పొలాల్లో. అటు తుంగభద్ర, ఇటు ఎమ్మిగనూరు, ఆదోని. నల్లరేగడి నేల. ఆకాశం ఇంత పెద్దదా అనిపిస్తుంది. శరత్తులో వానలు వెనకపట్టాక గాలి కడిగినట్టుంటుంది, పడమట మిగిలిపోయిన మబ్బుతునకలు పొద్దుగుంకిన తరవాత కూడా చాలాసేపు రంగులు మారుస్తాయి. డిసెంబరు వచ్చేసరికి పొగా, మంచూ, దుమ్మూ కలిసి రంగులు తగ్గిపోతాయి. అప్పుడు సూర్యుడు చూడగలిగినంత మెత్తగా, ఎర్రని బిళ్లలాగా దిగుతాడు. అందరూ డిసెంబరు 21న పొద్దు అన్నిటికన్నా ముందు గుంకుతుందనుకుంటారు. ఇక్కడ అలా కాదు. నవంబరు చివర ఐదూ ముక్కాలుకే గుంకుతుంది, డిసెంబరు 21న ఐదూ యాభై దాటుతుంది. పొద్దు గుంకే చోటు కూడా సెప్టెంబరు చివరి పడమర నుంచి డిసెంబరుకు దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరుగుతుంది. ప్రతి సాయంత్రం ఒకే గట్టుమీద నిలబడేవాడికి ఈ సంగతి పంచాంగం చూడకుండానే తెలుస్తుంది.

ఎరుపుకు కారణాన్ని 1871లో, తరవాత లార్డ్ రేలీగా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త లెక్కగట్టాడు. గాలిలోని అణువులు నీలి వెలుగును ఎరుపుకన్నా నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు దాటే గాలికి, దిగంతాన ఉన్నప్పుడు దాటే గాలి 38 రెట్లు. అంత దూరం వచ్చేసరికి నీలం దారిలోనే పోతుంది. మిగిలినది ఎరుపు. దానికి మనుషుల దుమ్ము తోడవుతుంది. మన భాష ఈ వేళకు గోధూళి అని పేరు పెట్టింది. పేరులోనే పశువులున్నాయి, వాటిని తోలుకొచ్చే మనిషి ఉన్నాడు. నా ఫోటోల్లో లేనిది ఆ మనిషే. ఉంటే నల్లటి ఆకారంగా ఉన్నాడు. ఎడ్లబండి, తాటిచెట్టు, నెత్తిన మూట పెట్టుకున్న ఆడమనిషి: వీళ్లంతా పోటీల్లో బహుమతులు తెచ్చిపెట్టే నల్లబొమ్మలు. కొన్నిసార్లు బాటమీద జనం కనిపిస్తే వాళ్లు పోయేదాకా నేను ఓపికగా నిలబడ్డాను. "ప్రకృతి" కోసమట!

ఆ జనం ఎక్కడికి పోతున్నారో నాకు తెలియక కాదు. దీపావళి దాటితే ఇక్కడ సుగ్గి మొదలవుతుంది. సుగ్గి అంటే కన్నడంలో పంటకాలం. మా వైపు ఆ మాటకు అర్థం వలస! వర్షచ్ఛాయ నేల. వానమీద పెట్టిన పత్తిని రెండుమూడుసార్లు ఏరితే చేను అయిపోతుంది. ఆదోని పత్తి మార్కెట్టు ఎంత పెద్దదైతేనేం, పత్తి పండించిన ఊళ్లవాళ్లు పత్తి ఏరటానికీ, మిరపకాయ కొయ్యటానికీ గుంటూరు వైపు పోవాలి. పిల్లలూ పోతారు. పల్లెబళ్లో పనిచేసిన ఏ పంతులుకైనా హాజరుపట్టీలో ఈ రుతువు ఎలా వస్తుందో తెలుసు. ఒక సోమవారం వరసగా సున్నాలు మొదలై ఉగాదిదాకా పోతాయి. సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి కొందరిని ఆపాయి, అందరినీ కాదు.

ఒక నవంబరు సాయంత్రం గట్టుమీద కెమెరా పెట్టుకుని ఉన్నాను. కింద బాటపక్కన మూటలతో ఒక కుటుంబం లారీకోసం నిలబడి ఉన్నది. అందులో ఒక పిల్లవాడు మా బడివాడే. నన్ను చూసి వాళ్లమ్మ వెనక్కు నక్కాడు. ఆమె మాత్రం జంకలేదు.

"సార్, మమ్మల్ని గూడ ఒకటి తియ్యి. పొద్దు బాగుండాది," అన్నది.

తీశాను. అలవాటుకొద్దీ ఆకాశానికి సరిపోయే వెలుతురే ఇచ్చాను. కెమెరా వెనక ఉన్న అద్దంలో చూపించాను. బొమ్మ చాలా బాగున్నది. ఆమె కాసేపు చూసి,

"నా మొగం యాడుంది సార్? అంతా మబ్బే గదా," అన్నది.

మా వైపు మబ్బు అంటే చీకటి. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. వెనక పొద్దు ఉన్నప్పుడు ముఖంమీది వెలుగు ఆకాశపు వెలుగులో పదహారో వంతు కూడా ఉండకపోవచ్చు. రెంటికీ ఒక్కటే కొలత అంటే ఒకటి చెడవలసిందే. ఈసారి ముఖానికి తగినట్టు తీశాను. ముఖాలు వచ్చాయి, పిల్లవాడి బెదురుతో సహా. ఆకాశం సున్నం కొట్టిన గోడలాగా తెల్లబోయింది.

"పొద్దేమాయ?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఉన్నది. చిన్న ఫ్లాష్ వేస్తే ఆకాశమూ దక్కుతుంది, ముఖమూ దక్కుతుంది. ఈ కిటుకు పెళ్లి ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలుసు. నా ఫ్లాష్ ఇంట్లో సొరుగులో ఉన్నది. సహజమైన వెలుగులో తప్ప తియ్యనని నాకొక వ్రతం! ఆ వ్రతం ఎవరికోసమో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. సూర్యబింబం దిగంతాన్ని తాకిన తరవాత మునిగిపోవటానికి రెండు నిమిషాలు పైచిలుకు పడుతుంది. ఇల్లు ఎంత దగ్గరైనా అది చాలదు. లారీ వచ్చింది.

ఫోటోగ్రాఫరు పాపాల్లో నాది చిన్నదే. 1876-78 కరువులో మద్రాసు సైన్యంలోని హూపర్ అనే అధికారి, ఎముకలగూళ్లైన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ కరువు విరుచుకుపడ్డ జిల్లాల్లో బళ్లారి ఒకటి. ఈ ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్నది. హూపర్ బొమ్మల్లో ముఖాలకేమీ లోటు లేదు, ప్రతి పక్కటెముకా లెక్కపెట్టవచ్చు. కాని ఆ మనుషులు ఏమి అడిగారో వాటిలో కనిపించదు. 1943 బెంగాలు కరువును సునీల్ జానా తీసినది వేరు. పి.సి. జోషీతో కలిసి ఊళ్లు తిరిగి, తీసినవాటిని కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో వేయించి జనాన్ని కదిలించాడు. నా మిత్రుడు నన్ను జానాలాగా తియ్యమంటాడు. తియ్యవలసిందే. కాని సుగ్గికి పోయే మనిషిని ఆకలి బొమ్మగానే తియ్యాలని మనం కూడా ఒక సూత్రం పెట్టుకున్నట్టున్నాం. పొద్దు బాగుండాదని నాకు చెప్పినది ఆమె. ఆ పొద్దులో తన ముఖం ఉండాలని అడిగినదీ ఆమే. అభ్యుదయ సాహిత్యం ఆమెకు పొద్దును నిషేధిస్తుందా? భావకవులను విమర్శించేటప్పుడు మనం తరచు ఈ తప్పు చేశామని నా అనుమానం. వాళ్ల చేతిలోనుంచి వెన్నెల లాగి కూలివాళ్లకు ఇవ్వవలసింది పోయి, వెన్నెలనే పారేశాం.

ఇప్పటి ఫోన్లు రెండుమూడు కొలతల్లో తీసినవాటిని తామే కలిపి ముఖాన్నీ ఆకాశాన్నీ చూపిస్తున్నాయి. మంచిదే. బాటమీది జనం పోయేదాకా ఆగేవాణ్ణి ఏ ఫోనూ మార్చలేదు.

ఉగాది దాటాక వాళ్లు వచ్చారని విని రెండు ఫోటోలూ అచ్చువేయించి తీసుకుపోయాను. అప్పటికి పొద్దు పడమర దాటి ఉత్తరానికి జరిగింది, ఆరున్నరకుగాని గుంకటంలేదు. మిరపకాయ ఘాటుకు ఆమె వేళ్లు పొట్టు లేచి ఉన్నాయి. ఫోటోలను అంచులు పట్టుకుని చూసింది. నల్లబొమ్మలో ఎవరు ఎవరో మూటలనుబట్టి గుర్తుపట్టింది. "ఇది మాయత్త. ఈ చింపిరి మూట నాది." పిల్లవాడు కూడా వచ్చి చూశాడు. బడికి ఎప్పుడొస్తావురా అంటే తల వంచుకున్నాడు.

తెల్లటి ఆకాశం ఉన్నదాన్ని ఆమె గూట్లో పెట్టుకున్నది. రెండోదాన్ని నా చేతికిచ్చింది.

"ఇది నువ్వే పెట్టుకో సార్."

పెట్టుకున్నాను. సొరుగులో, ఫ్లాష్ తీసిన చోట.