దారిలో ఆగిన కొడుకు

మా విభాగంలో పనిచేసే ఫిలిప్పీన్స్ దేశపు ఫిజియోథెరపిస్టు ఒకాయన ఈ పుస్తకం నా చేతికిస్తూ, "మీరు విరిగిన ఎముకలు అతుకుతారు. ఇందులోని పెద్దాయన విరగకుండా పడటం నేర్పాడు" అన్నాడు. జాన్ స్టీవెన్స్ రచించిన 'అబండెంట్ పీస్', 1987 నాటి ప్రచురణ. ఐకిడో విద్యకు ఆద్యుడైన మొరిహెయి ఉయెషిబా జీవితచరిత్ర. కువైట్‌లో రాత్రి డ్యూటీల నడుమ వారం రోజుల్లో పూర్తిచేశాను.

ఉయెషిబా 1883 డిసెంబరు 14న, జపాన్‌లోని వకాయమా ప్రాంతంలో, తనబే అనే తీరపు ఊళ్ళో జన్మించాడు. మన కోడి రామ్మూర్తి నాయుడుగారికి ఇంచుమించు ఈడువాడు. కానీ ఈయన బాల్యంలో బలహీనుడు, పెద్దయ్యాకా పొట్టివాడే. ఎత్తు చాలదని సైన్యం మొదట తిప్పి పంపితే, చెట్టుకొమ్మలకు వేలాడి వెన్ను సాగదీసుకుని మళ్ళీ వెళ్ళాడట. నాలోని ఎముకల వైద్యుడు ఇక్కడ నవ్వుకున్నాడు. అలా సాగిన వెన్ను సాయంత్రానికల్లా తన కొలతకు తాను వచ్చేస్తుంది. మంగోలియా యాత్రలో తుపాకి గుండ్లను ముందే కనిపెట్టి తప్పుకున్నాడన్న కథలనూ నేను అదే చిరునవ్వుతో దాటేశాను.

బోధ మాత్రం నవ్వి దాటేయదగినది కాదు. మీదికి వచ్చే బలానికి ఎదురొడ్డి నిలవకుండా, దాని పక్కకు చేరి, దానితోపాటు తిరిగి, దాని ఊపుతోనే దాన్ని దింపాలి. ఈ విద్యలో చేరినవారు మొదట అభ్యసించేది పడటం. చేయి చాచి నేలను ఆపబోతే మణికట్టు విరుగుతుంది. అలాంటి మణికట్లు వారానికి ఎన్ని చూస్తామో ఏ ఎముకల వైద్యుణ్ణి అడిగినా చెబుతాడు. ఐకిడో శిష్యుడు నేలను ఆపడు. చేయి, భుజం, వీపు, ఎదుటి తుంటి వరుసగా తాకేలా దొర్లి లేస్తాడు. ఇంతటి శాంతిని బోధించినవాడు యుద్ధానికి ముందు సైనిక పాఠశాలల్లోనూ ఈ విద్య నేర్పాడన్నది నాకింకా మింగుడుపడలేదు. 1942లో అన్నీ వదిలి ఇవామా పల్లెకు వెళ్ళి సేద్యం చేసుకున్నాడు.

నేను పుస్తకం మూసి కూర్చున్న చోటు వేరే ఉంది.

1919 చివర ఉయెషిబా హొక్కయిదోలో ఉన్నాడు. తండ్రి యొరోకుకు ప్రాణం మీదికి వచ్చిందని కబురు అందింది. కొడుకు గట్టిపడాలని తపించి, అతని ప్రయత్నాలకు డబ్బు సర్దిన తండ్రి. ఉయెషిబా తన ఇంటిని గురువు తకేదాకు అప్పగించి బయలుదేరాడు. కానీ నేరుగా ఇంటికి వెళ్ళలేదు. అయాబేలో ఒనిసబురో దెగుచి అనే మతగురువు ప్రార్థన గొప్పదని విని అక్కడ ఆగాడు. తండ్రి కోసమే ఆగాడు. తనబే చేరేసరికి తండ్రి లేడు. అది 1920 జనవరి. గురుశిష్యుల తొలి సమాగమంగా ఈ ఘట్టాన్ని చెప్పుకోవడం వాడుక. నాకు మాత్రం దారిలో ఆగిన కొడుకే కనిపించాడు.

మా నాన్నగారు రాజమండ్రిలో స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి విరిగింది. ఎక్స్‌రే ఫోనులో తెప్పించుకుని చూశాను, ఏ ఆపరేషను చేయాలో నేనే చెప్పాను. అది చక్కగా జరిగింది. ఇక్కడ ఆ వారం నా చేతిలో కొన్ని ఆపరేషన్లు ఉన్నాయి. వాయిదా వేస్తే వేయవచ్చు, లేదా మరొకరికి అప్పగించవచ్చు. "ఇవి పూర్తిచేసి గురువారం రాత్రి బయలుదేరతాను నాన్నగారూ" అన్నాను. "నాకేం, పనులు చూసుకుని రా నాయనా" అన్నారు. బుధవారం తెల్లవారుజామున ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడింది. తుంటి విరిగినవారిలో ఆ ప్రమాదం గురించి కుర్ర డాక్టర్లకు ఏటా పాఠం చెప్పేవాణ్ణి నేను. హైదరాబాదుకు విమానం నాలుగున్నర గంటలే. అక్కడినుంచి రాజమండ్రి చేరి గుమ్మం ఎక్కేసరికి ఆయనను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఉయెషిబాకు ఆ ఏడాదే పసివాళ్ళైన ఇద్దరు కొడుకులూ పోయారు. తరువాత ఆయనను ఓటమి ఎరుగనివాడని లోకం కొనియాడింది. ఆ మాట చదివిన ప్రతిచోటా నాకు తనబే ఇంటి గుమ్మం గుర్తుకొచ్చింది. 1969 ఏప్రిల్ 26న, ఎనభై అయిదో ఏట, కాలేయపు క్యాన్సరుతో కన్నుమూశాడు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఫిజియోథెరపిస్టు నన్ను పరుపు మీద రెండుసార్లు దొర్లించి చూశాడు. రెండుసార్లూ చేయి చాచాను. ఇంటికి వచ్చి అమ్మకు ఫోను చేశాను. ఇక్కడ సాయంత్రం అయిదు, అక్కడ ఏడున్నర. స్నానాలగదిలో జారని పట్టా వేయించావా, గోడకు పట్టుకునే కడ్డీ బిగించారా అని అడిగాను. "రోజూ ఇదే అడుగుతావేంట్రా" అంది.