మనిషిని చూసి రాసే సంగీతం

సినిమా పాటకు వరస కట్టేది సంగీత దర్శకుడు. పల్లవికి ముందు వచ్చే వయొలిన్లు, చరణాల మధ్య పలికే శాక్సఫోన్, గాయకుడి గొంతు కింద నడిచే బేస్ గిటార్ ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆపాలో కాగితం మీద రాసి చేతికిచ్చేవాడు చాలాసార్లు వేరే ఉంటాడు. మా రంగంలో అతన్ని అరేంజర్ అంటారు. కొందరు సంగీత దర్శకులు ఆ పని కూడా తామే చేసుకుంటారు. ఇళయరాజా అందుకు పెద్ద ఉదాహరణ. నేను శాక్సఫోన్ చేతపట్టుకుని మద్రాసు చేరి, అరేంజర్‌గా ఎక్కువకాలం పనిచేసి, ఇప్పుడు సొంత జాజ్ రచనలు చేసుకుంటూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ మూడు పనులకూ నాకు పెట్టుబడి జాజ్. అది నేర్పిన సూత్రం ఒక్కటే: వాయిద్యాన్ని చూసి కాదు, వాయించే మనిషిని చూసి రాయాలి.

మాది సికింద్రాబాద్ లాలాగూడ. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు జరిగితే బ్యాండు వాళ్లదే. పగలు ఇంజను నడిపి రాత్రి శాక్సఫోన్ పట్టే మాస్టారు ఒకాయన నాకు ముందు క్లారినెట్, తర్వాత ఆల్టో శాక్సఫోన్ నేర్పారు. స్టాఫ్ నొటేషన్ చదవడం వచ్చేదాకా వాయిద్యం ముట్టనివ్వలేదు. ఫాక్స్‌ట్రాట్, వాల్ట్జ్, క్విక్‌స్టెప్ ఏది అడిగినా వాయించగలగాలి, అడుగులు వేసేవాళ్ల కాళ్లు చూస్తూ నడక సరిచేసుకోవాలి. పదిమందితో కలిసి వాయించడం నేను నేర్చుకున్నది అక్కడే.

జాజ్‌ను జాజ్‌గా విన్నది మాత్రం షార్ట్‌వేవ్ రేడియోలో. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ 1955 నుంచి జాజ్ కార్యక్రమం నడిపేవారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా, మాట మాటా విడదీసి చెప్పేవారు. కార్యక్రమం మొదలయ్యేది 'టేక్ ది ఎ ట్రైన్' బాణీతో. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందానికి అది గుర్తింపు బాణీ కనుక, రాసింది కూడా ఎల్లింగ్టనే అని చాలామంది అనుకునేవారు. రాసింది బిల్లీ స్ట్రేహార్న్. 1939లో ఆ బృందంలో చేరి, 1967లో చనిపోయేదాకా ఎల్లింగ్టన్ పక్కనే ఉండి బాణీలు కట్టిన, అరేంజ్ చేసిన మనిషి. అరేంజర్ పని ఎలాంటిదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

మన దేశంలోనూ ఈ కథకు మూలాలున్నాయి. 1935లో లియాన్ ఆబీ బృందం బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో జాజ్ వాయించింది. ఆ తర్వాత టెడ్డీ వెదర్‌ఫర్డ్ లాంటి ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులు బొంబాయి, కలకత్తాలలో ఏళ్లపాటు పనిచేశారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవారిలో గోవా వాద్యకారులు ఎక్కువ. చర్చి బడుల్లో చిన్నప్పుడే నొటేషన్ నేర్చుకోవడం వాళ్లకు కలిసొచ్చింది. హోటళ్లలో అవకాశాలు తగ్గాక వాళ్లు హిందీ సినిమా స్టూడియోలకు వచ్చారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలేట్ సి. రామచంద్రకు, సెబాస్టియన్ డిసౌజా శంకర్ జైకిషన్‌కు, ఓ.పి. నయ్యర్‌కు కుడిభుజంగా నిలిచారు. 1951 నాటి 'అల్బేలా' పాటల్లో వినిపించే ఆ ఊపు ఆ హోటళ్ల నుంచి నడిచొచ్చినదే.

మద్రాసులో ఆ పరంపరను నిలిపినవారిలో ధన్‌రాజ్ మాస్టర్ ముఖ్యులు. ఇళయరాజా పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నది ఆయన దగ్గరే. మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ దుకాణం మాలాంటివాళ్లకు వాయిద్యాలకూ, ట్రినిటీ కాలేజీ పరీక్షలకూ చిరునామా. సంగీత దర్శకుల బృందాలే మాకు విశ్వవిద్యాలయాలు. ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర పనిచేశారు. రాజ్, కోటి చక్రవర్తి దగ్గర పనిచేసి పైకి వచ్చారు. రమేశ్ నాయుడు బృందంలో, ఆ తర్వాత రాజ్-కోటి బృందంలో కీబోర్డు వాయించిన కుర్రాడు ఎ.ఆర్. రెహమాన్.

నేను మద్రాసు వెళ్లిన రోజుల్లో పాటంతా ఒకే గదిలో, ఒకే టేకులో రికార్డయ్యేది. ఉదయం కాల్‌షీటుకు అరేంజర్ ముందే చేరి స్టాండ్ల మీద కాగితాలు పెట్టాలి. ఎవరి కాగితం వారిది. పాట ఒకటి శ్రుతిలో, అంటే సి మేజర్‌లో ఉందనుకోండి. వయొలిన్లకూ ఫ్లూటుకూ అలాగే రాస్తే చాలు. ట్రంపెట్, టెనార్ శాక్సఫోన్ బి ఫ్లాట్ వాయిద్యాలు, కాబట్టి వాళ్ల కాగితం మీద అదే సంగీతం డి మేజర్‌లో ఉండాలి. ఆల్టో ఇ ఫ్లాట్ వాయిద్యం, దానికి ఎ మేజర్‌లో రాయాలి. అందరూ వాయిస్తే చెవికి వినపడేది ఒకే శ్రుతి, కాగితాల మీద మాత్రం మూడు.

రిహార్సల్ అయ్యాక గాయని "అర శ్రుతి తగ్గిస్తే బావుంటుందేమో మాస్టారూ" అంటారు. పాట బి మేజర్‌లోకి దిగుతుంది. వయొలిన్లకు ఐదు షార్పులు, ట్రంపెట్‌కు ఐదు ఫ్లాట్లు, ఆల్టోకు నాలుగు ఫ్లాట్లు వచ్చిపడతాయి. టీ విరామంలోనే అన్నీ తిరగరాయాలి. అప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరన్నది ముఖ్యమవుతుంది. ఒకరు ఎన్ని ఫ్లాట్లున్నా తడుముకోరు. ఇంకొకరికి మంద్రస్థాయిలో బంగారంలాంటి నాదం ఉంటుంది, పైకి వెళితే సన్నబడుతుంది. మరొకరు వయసు మీదపడి దమ్ము తగ్గినవారు, అయినా రెండు బార్ల బిట్టు ఆయనలా ఎవరూ పలికించలేరు. ఆయన కాగితంలో ఊపిరి తీసుకోవడానికి జాగా ముందే వదిలిపెట్టాలి. అక్కడ గ్యాప్ తెలియకుండా ఫ్లూటు అందుకోవాలి. వినేవాళ్లకు అదొక అందమైన మలుపుగా అనిపిస్తుంది.

ఎల్లింగ్టన్ చేసింది అదే. ఆయన కాగితాల మీద చాలాసార్లు వాయిద్యం పేరు బదులు మనిషి పేరో, ముద్దుపేరో ఉండేది. 1940లో ఆయన రాసిన ఒక రచన పేరే 'కన్సర్టో ఫర్ కూటీ'. ట్రంపెట్ వాద్యకారుడు కూటీ విలియమ్స్ నాదం కోసం, అతని గొంతులాంటి పలుకు కోసం కట్టింది. 1963లో అమెరికా ప్రభుత్వం తరఫున ఎల్లింగ్టన్ బృందం మన దేశమంతా తిరిగింది. ఢిల్లీలో స్ట్రేహార్న్ విన్న ఒక గోరువంక కూత 'ఫార్ ఈస్ట్ సూట్'లో ఒక రచనకు మొలక అయింది. దాన్ని పలికించే క్లారినెట్ జిమ్మీ హామిల్టన్‌ది. గోరువంకను విన్నప్పుడే దానికి తగిన మనిషి ఎవరో స్ట్రేహార్న్‌కు తట్టి ఉంటుందని నా నమ్మకం.

జాజ్ తెలిసినవాడికి మన రాగాల దగ్గర పరీక్ష ఎక్కువ. మోహనను తీసుకోండి. అందులో మధ్యమం, నిషాదం లేవు. ఆ ఐదు స్వరాలతో మామూలు పద్ధతిలో కట్టగల కార్డులు రెండే: స గ ప ఒకటి, ద స గ ఇంకొకటి. అలవాటు కొద్దీ ఎఫ్ మేజర్ వేస్తే మధ్యమం, జి మేజర్ వేస్తే నిషాదం దూరి రాగం చెడుతుంది. రెండు కార్డులతోనే పాటంతా లాగితే చప్పగా ఉంటుంది. దీనికి నాకు దారి చూపింది జాన్ కోల్ట్రేన్ బృందంలో పియానో వాయించిన మెకాయ్ టైనర్. ఆయన స్వరాలను మూడేసి మెట్ల దూరంలో కాక నాలుగేసి మెట్ల దూరంలో పేర్చేవారు. ఆ పద్ధతిలో మోహనను పేర్చండి: కింద గాంధారం, దానిపైన ధైవతం, ఆపైన రిషభం, పంచమం, అన్నిటికీ పైన షడ్జం. ఐదు స్వరాలూ వచ్చాయి, అన్యస్వరం ఒక్కటీ లేదు. జాజ్ బ్యాండులో శాక్సఫోన్లు కూడా ఐదే: రెండు ఆల్టోలు, రెండు టెనార్లు, ఒక బారిటోన్. గాంధారం బారిటోన్‌కు, షడ్జం మొదటి ఆల్టోకు ఇస్తే మోహన రాగం నిండు గుమ్మటంలా నిలబడుతుంది. నా విద్యార్థులకు అరేంజింగ్‌లో మొదటి పాఠం ఇదే.

జాజ్ వాద్యకారులు రోజూ సాధన చేసే మెలోడిక్ మైనర్ స్వరాలు మన గౌరీమనోహరివే. దానికి గ్రహభేదం చేస్తే నాటకప్రియ, వాచస్పతి, చారుకేశి వస్తాయి. జాజ్‌వాళ్లకూ అవి వేరే పేర్లతో నిత్యం వాడుకలో ఉన్నవే. కానీ స్వరాలు కలిసినంత మాత్రాన రాగం రాదు. గమకం, ప్రయోగం, న్యాసస్వరం తెలియకుండా రెండింటినీ కలిపి ఫ్యూజన్ అనేయడం నాకు నచ్చదు. పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ 1983లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తిలో ప్రపంచమంతా తిరిగారు. ఆయన ఎక్కడా తన రాగాన్ని పలచన చేయలేదు. పక్కవాడిని విన్నారు, తనదే వాయించారు. జాజ్‌లో మర్యాద అంటే అదే.

1983లో యమహా డిఎక్స్7 కీబోర్డు వచ్చింది. వాయిద్యాలనూ కంప్యూటర్లనూ కలిపే మిడి పద్ధతి కూడా ఆ ఏడాదే వచ్చింది. 1992లో 'రోజా' పాటలు విన్నాక మా స్టూడియోల్లో అందరికీ కొత్త కాలం మొదలైందని తెలిసింది. ఒక్కొక్క వాయిద్యాన్నీ విడిగా రికార్డు చేయడం, శాంప్లర్‌లో దాచిన ధ్వనులు వాడుకోవడం రివాజయ్యాయి. కాల్‌షీట్లు తగ్గాయి. తెలుగు సినిమా పని కూడా క్రమంగా హైదరాబాద్ చేరింది. తోటి వాద్యకారుల్లో కొందరు చర్చి బృందాలకు, కొందరు హోటళ్లకు, కొందరు బడుల్లో సంగీతం టీచర్లుగా వెళ్లారు. నేను నిలబడ్డానంటే అన్ని పనులకూ సిద్ధంగా ఉండటం వల్లే. ప్రకటనలకు జింగిల్స్ రాశాను, సీరియళ్లకు రీరికార్డింగ్ చేశాను, కచేరీ బృందాలకు పాత పాటలు విని నొటేషన్ రాసిచ్చాను. ఏ పనినీ చిన్నచూపు చూడలేదు. జింగిల్‌లోనైనా వాయించేది మనిషే, అతనికి బాగా పలికేలా రాయడమే నా పని.

నొటేషన్ కాలం చెల్లిందని అనుకునేవారు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇవాళ పెద్ద తెలుగు చిత్రాల వయొలిన్ భాగాలను బుడాపెస్ట్ లాంటి నగరాల్లో అక్కడి ఆర్కెస్ట్రాలతో రికార్డు చేయిస్తున్నారు. అక్కడివాళ్లకు మన భాష రాదు, మన రాగం పేరు తెలియదు. కాగితం మీద ఏముంటే అదే వాయిస్తారు. గమకాన్ని నొటేషన్‌లో ఎంతవరకు పట్టుకోవచ్చో, ఎక్కడ విడిచిపెట్టాలో తెలిసిన అరేంజర్ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. సంగీతం నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేదిదే: కీబోర్డుతో పాటు ఊదేదో, మీటేదో ఒక వాయిద్యం నేర్చుకోండి. నొటేషన్ చదవండి, రాయండి. మీరు రాసింది ఒక్కసారైనా మనుషుల చేత వాయింపించి వినండి.

ఇక చివరి మాట. 1977లో వచ్చిన 'అమర్ అక్బర్ ఆంథోనీ'లో ఆంథోనీ గొన్‌సాల్వెజ్ పేరుతో ఉన్న పాట దేశమంతా మారుమోగింది. ఆ పేరు సంగీత దర్శకుల జంటలో ఒకరైన ప్యారేలాల్‌కు వయొలిన్ నేర్పిన గురువుదని ఎంతమందికి తెలుసు? ఎస్. రాజేశ్వరరావు, పెండ్యాల, చక్రవర్తి పాటలకు వాయించిన మనవాళ్ల పేర్లు అంతకన్నా మరుగున ఉన్నాయి. క్యాసెట్ల అట్టల మీద వాళ్లకు చోటు దక్కలేదు. వాళ్ల కాగితాలు ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవారి ఇంట్లోనో పాత స్టూడియో వాద్యకారుడి నొటేషన్ పుస్తకాలుంటే దయచేసి తూకానికి వేయకండి. ఫోటోలు తీయించండి, ఏ పాటకు ఎవరు వాయించారో ఆ పెద్దలున్నప్పుడే అడిగి రాసిపెట్టండి. పాట తీసే నిర్మాతలకు కూడా నా మనవి ఒక్కటే: వాయించిన ప్రతి ఒక్కరి పేరూ, అరేంజర్ పేరుతో సహా, పాటతో పాటు వేయండి. దానికి ఖర్చేమీ కాదు.