ముగ్గురు అమ్మాయిలు

భద్రాచలం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు నా దగ్గర చిత్రకళ పుస్తకం ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయింది. వానాకాలం చెమ్మకు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పాడవకుండా మిగిలిన బొమ్మల్లో అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ ఒకటి. ఆమె తల్లిది హంగరీ, తండ్రి పంజాబీ సిక్కు. పారిస్‌లో బొమ్మలు నేర్చుకుని 1934లో మన దేశానికి తిరిగొచ్చింది. ఈ బొమ్మకు 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. పాపం, 28 ఏళ్లకే చనిపోయింది.

మన కోయోళ్ల బొమ్మలు నేను చూసినవన్నీ ఒకే తీరు. కొమ్ములు పెట్టుకుని డోలు కొట్టే మగవాళ్లు, చేతులు పట్టుకుని వరసగా నవ్వుతూ ఆడే ఆడవాళ్లు. కేలండర్ల మీదా అవే, ఆఫీసు గోడల మీదా అవే. ఏడాదిలో మనం ఆడేది ఎన్ని రోజులని? మిగతా రోజుల మొహం ఎవరికీ అక్కర్లేదు కాబోలు.

ఈ ముగ్గురూ అట్లా లేరు. దగ్గర దగ్గరగా కూర్చున్నారు గానీ ఒకరినొకరు చూసుకోరు. మనల్నీ చూడరు. బట్టల్లో ఉన్న కాంతి మొహాల్లో లేదు. ఏడుపు కూడా లేదు. పెదాలు మూసుకుని, చూపు కిందికి వాల్చి, ఏదో వచ్చేదాని కోసం ఊరికే కూర్చున్నట్టు ఉంటారు. కన్నీళ్లు గీయకుండా దుఃఖం గీయొచ్చని నాకు ఆ పేజీలోనే తెలిసింది.

ఒకరోజు ఎనిమిదో తరగతిలో దాన్ని చూపించి, ఏం కనిపిస్తోందని అడిగాను. మగపిల్లలు బట్టల రంగులు చెప్పారు. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

“వీళ్లకు పెళ్లి కుదిరింది సార్. వీళ్లనెవరూ అడగలేదు.”

“ఎట్లా తెలిసింది?”

“ఏ పనీ చేయట్లేదు కదా సార్. ఇంట్లో ఆడపిల్లను ఊరికే కూర్చోబెట్టారంటే అదే.”

భలే చెప్పావన్నాను. అందరిచేత చప్పట్లు కొట్టించాను. ఆ తర్వాత వెలుగునీడల గురించి చాలాసేపు మాట్లాడాను.

వేసవి సెలవులయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. తునికాకు పని ఇంకా తెమల్లేదేమో అనుకున్నాను. జూలైలో వాళ్ల గూడేనికి వెళ్తే, తల్లి చెంబుతో నీళ్లిచ్చి, “అత్తోరింటికి పంపినం సారూ” అంది. ఎప్పుడు కుదిరిందని అడిగాను. ఇప్పపువ్వు ఏరే రోజుల్లోనేనట. నేను బొమ్మ చూపించిందీ ఆ రోజుల్లోనే.

ఆ పిల్ల చెప్పిన మాట నాకు గుర్తుంది. చెబుతున్నప్పుడు ఆమె మొహం ఎట్లా ఉందో ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు. నేను పేజీ వైపు చూస్తున్నాను.

ఇప్పటికీ ఏటా ఆ బొమ్మ చూపిస్తాను. పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని, బొమ్మను పిల్లల వైపు తిప్పి నిలబడతాను. నాకు బొమ్మ కనిపించదు, వాళ్లు కనిపిస్తారు. మొన్న మూడో వరసలో ఒకమ్మాయి బొమ్మను చూసి తల దించుకుంది, మళ్లీ ఎత్తలేదు. గంట కొట్టాక అందరినీ పంపేసి, ఆమెనూ ఆమె స్నేహితురాలినీ కాసేపు ఉండమన్నాను.